బియ్యం కార్డుకు అర్హత హద్దులు సవరించమని అడగడం న్యాయమేనా?

ప్రశ్న:
మా వీధిలో ముగ్గురు అన్నదమ్ములు తండ్రి కట్టిన పాత ఇంట్లోనే వేరుపడి కాపురాలు చేసుకుంటున్నారు. పొయ్యిలు మూడు, కరెంటు మీటరు మాత్రం ఒక్కటే. ఆ మీటరు తాపీ పని చేసుకునే పెద్దాయన ఆధార్‌కు జతపడి ఉండటంతో, మూడు కాపురాల వాడకమూ ఆయన లెక్కలోనే పడి, నెలకు 300 యూనిట్లు దాటిందన్న కారణంతో ఆయన కుటుంబానికి కార్డు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆదాయ పరిమితి గ్రామాల్లో నెలకు 10,000 రూపాయలు, పట్టణాల్లో 12,000 రూపాయలని 2019లో పెట్టారు. వీటిని సవరించమని ఎవరిని అడగాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
న్యాయమేనండి. భార్యాభర్తలిద్దరూ రోజుకు 300 రూపాయల కూలికి నెలలో 20 రోజులు వెళ్లినా 12,000 అవుతుంది. అంటే గ్రామంలో ఉండే కూలి కుటుంబం కూడా కాగితం మీద అనర్హమే. తెలంగాణలో ఏడాదికి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల పరిమితి ఉంది, అదీ ఉదారమైనదేమీ కాదు. మీ పొరుగాయన విషయంలో మాత్రం ముందు విద్యుత్ కార్యాలయంలో ఆ సర్వీసు ఎవరి పేర ఉందో, ఎవరి ఆధార్‌కు జతచేశారో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. వేరు కాపురాలకు వేరు మీటర్లు పెట్టించుకోగలిగితే చిక్కు చాలావరకు తీరుతుంది.

జవాబు 2:
అర్హత నిబంధనలు రాష్ట్రం చేతిలో ఉన్నా, కేంద్రం ఇచ్చే బియ్యానికి పైనుంచే ఒక హద్దు ఉందని మరువకూడదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం దేశం మొత్తం మీద గ్రామీణ జనాభాలో 75 శాతం, పట్టణ జనాభాలో 50 శాతం వరకే వర్తిస్తుంది. ఆ సంఖ్యను తాజాగా ప్రచురితమైన జనాభా లెక్కల ప్రకారం తేల్చాలని చట్టమే చెబుతున్నది. 2021లో జరగవలసిన లెక్కలు జరగనందున ఇప్పటికీ 2011 నాటి జనాభాయే ప్రాతిపదికగా ఉంది. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు, పెరిగిన పేద కుటుంబాలకు ఆ కోటాలో చోటు ఎక్కడ? అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదై కూడా ఈ చట్టం పరిధిలోకి రాని దాదాపు 8 కోట్ల మంది కార్మికులకు కార్డులు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించవలసి వచ్చిందంటే, వెలితి ఎంత పెద్దదో ఊహించవచ్చు. అందుచేత రాష్ట్రాన్ని ఆదాయ పరిమితి గురించి, కేంద్రాన్ని కోటా గురించి వేర్వేరుగా అడగాలి.

జవాబు 3:
పరిమితి పెంచితే అవసరం లేనివారూ చేరతారని, ఇప్పటికే కొందరు రేషన్ బియ్యం అమ్ముకుంటున్నారని కొందరంటారు. అమ్మకాలను అరికట్టవలసిందే. కానీ మనిషికి నెలకు 5 కిలోల బియ్యం పేద కుటుంబానికి సగం నెల తిండి. అక్రమం ఎక్కడో జరుగుతున్నదని ఆకలి ఉన్న ఇంటిని పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. కరెంటు యూనిట్లను ఇంటికి కాక కాపురానికి లెక్కగట్టాలన్న ఒక్క సవరణతోనైనా మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలండి. మీటరు సంగతి రేపే కనుక్కుంటాము. మూడు పొయ్యిల విషయం పేర్కొంటూ సచివాలయంలో అర్జీ పెట్టి, రసీదు తీసుకుంటాము.