'ప్రెడేటర్' మొదటి షాట్‌లో ఆ అంతరిక్ష నౌక అవసరమా?

మూడోవరుస:
1987 నాటి 'ప్రెడేటర్' మళ్లీ చూశాను. ఎన్నోసారో లెక్క లేదు. ప్రతిసారీ ఒకే చోట చిరాకు. సినిమా మొదలవగానే అంతరిక్ష నౌక వస్తుంది, అందులోంచి ఏదో విడివడి భూమి వైపు జారుతుంది. నిమిషం కూడా ఉండదు ఆ షాట్. ఆ తర్వాత చాలాసేపు దర్శకుడు జాన్ మెక్‌టియర్నన్ నడిపేది మామూలు కమాండో సినిమా. హెలికాప్టర్లు, కండలు, నోట్లో చుట్ట, గెరిల్లాల స్థావరం మీద దాడి. చర్మం ఒలిచిన శవాలు చెట్లకు వేలాడుతుంటే ష్వార్జ్‌నెగ్గర్ బృందం అనుమానం గెరిల్లాల మీదే. మనకు మాత్రం జవాబు ముందే తెలుసు, వేటాడుతున్నది వేరే లోకపు జీవి అని. ఆ షాట్ కోసేస్తే మనమూ వాళ్లతో పాటే భయపడేవాళ్లం కదా?

ఎర్రసూట్:
ఒప్పుకోను గురూ. తెలియడంలోనే ఉంది మజా. వాళ్లు స్థావరాన్ని పేల్చేసి జబ్బలు చరుచుకుంటుంటే "పాపం, అసలుది ఇంకా రాలేదురా" అనిపిస్తుంది. ఏమీ తెలియకుండా చూస్తే అవి ఎనభైల నాటి మామూలు కాల్పులే. మినీగన్ (గిర్రున తిరిగే గొట్టాల మెషిన్‌గన్) సీను గుర్తు తెచ్చుకోండి. బృందంలోని బ్లెయిన్ చచ్చాక తోటివాడు మ్యాక్ అతని గన్ అందుకుంటాడు, మిగతావాళ్లూ చేరి అడవిని చెక్కేస్తారు. దొరికిందేమిటి? ఆకు మీద కాస్త పచ్చ రక్తం. అన్ని తూటాలూ దండగ! నాకైతే నవ్వూ వస్తుంది, వెన్నులో చలీ పుడుతుంది.

మూడోవరుస:
దానికి నౌక ఎందుకండీ? అప్పటికే ఆ జీవి కళ్లతో షాట్లు చూసేశాం, మనుషులు రంగురంగుల మచ్చల్లా. అది మనిషి కాదని అక్కడే మెల్లగా అర్థమవుతుంది. అంత చక్కగా పేర్చుకున్నదాన్ని మొదట్లోనే చెప్పేయడం దేనికని నా బాధ.

చలిబురద:
మధ్యలో దూరుతున్నా. ఆ జీవి చూసేది ఒంటి వేడిని కదా. ఆ షాట్లకు నిజం థర్మల్ కెమెరా (వేడిని బొమ్మగా చూపేది) వాడబోతే, ఉక్కపోతలో అడవీ మనుషులూ ఒకే వేడిలో ఉండి తేడా తెలియలేదు. మరి ఆ జీవి అక్కడ ఎలా వేటాడిందో! ఇక దాని కంట పడకుండా హీరో పూసుకున్న బురద, ఒంటి వేడికి కాసేపట్లో వెచ్చబడదూ?

ఎర్రసూట్:
బురద సంగతి వేరే థ్రెడ్‌లో తేల్చుకుందాం స్వామీ. మూడోవరుస గారూ, నౌకను చూపించారే గానీ ఆ జీవి మొహం చూపించలేదు. ఏడడుగులు దాటిన నటుడు కెవిన్ పీటర్ హాల్ ఆ జీవి సూట్‌లో సినిమా అంతా తిరుగుతాడు, స్టాన్ విన్‌స్టన్ చేసిన ఆ మొహం మాత్రం చివరి పోరులో గానీ బయటపడదు. దాచాల్సింది దాచారు.

మూడోవరుస:
మొహం మాట ఒప్పుకుంటా. నిన్న ఒక ప్రయోగం చేశాను. ఈ సినిమా ఎప్పుడూ చూడని మా తమ్ముడికి మొదటి షాట్ దాటించి వేశాను. శవాల దగ్గర గెరిల్లాల పనేనని నమ్మేశాడు. నేను లోలోపల గెలిచాననుకున్నా. రంగుల షాట్ రాగానే రిమోట్ లాక్కుని, "టీవీ పోయిందేంటి?" అన్నాడు. తర్వాత "ఇది ఎవరు చూస్తున్నట్టు?" అని అడుగుతూనే ఉన్నాడు. ఇది ఎవరి వాదనకు బలమో మీరే చెప్పండి.

ఎర్రసూట్:
నాకే. నౌక కనబడి ఉంటే రిమోట్ మీ చేతిలోనే ఉండేది.