వేసవి సెలవుల్లో బడిపిల్లల భోజనం ఎలా?

ప్రశ్న: మా మండలంలో తల్లిదండ్రులు వలస వెళ్లిన పిల్లలు బడి ఉన్నన్నాళ్లూ మధ్యాహ్న భోజనంతో ఒక పూట గడుపుకొంటున్నారు గానీ, వేసవిలో బడి మూతపడగానే అవ్వాతాతల పింఛను మీదే ఆధారపడుతున్నారు. ఊరివారమే భోజనం పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: కరవు ప్రాంతాల్లో సెలవుల్లోనూ ఈ భోజనం అందించాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే ఆదేశించింది కనుక, మీది కరవు మండలమైతే ముందుగా మండల విద్యాధికారికి అర్జీ ఇవ్వండి.

జవాబు 2: అర్జీ కదిలేలోగా సెలవులే అయిపోతాయి. మేము బడిలో వండే అక్కలకే కూలి ఇచ్చి, రామాలయం మండపంలో వండించాము. బియ్యం ఇళ్ల నుంచి సులువుగానే వచ్చింది. పప్పుకు, నూనెకు, గ్యాసుకే డబ్బు చాలలేదు. పేదపిల్లలకని చాటింపు వేసినప్పుడు సిగ్గుపడి రానివారు, ఊరి పిల్లలందరికీ అన్నాక వచ్చారు.

జవాబు 3: గుడి కన్నా బడి వరండాయే మేలు. కొన్ని వాడల పిల్లలు గుడి మెట్లెక్కడానికి ఇప్పటికీ జంకుతారు.