రంగు కోడిపిల్లలు ఆరు కొన్నాం, మూడే మిగిలాయి. వీటినైనా బతికించుకోవాలి

మల్లెపాదు (సత్తుపల్లి)

అందరికీ నమస్కారం. నేనెప్పుడూ కోళ్ళు పెంచలేదు. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ టౌనే. పోయిన ఆదివారం మా వీధిలోకి సైకిల్ మీద కోడిపిల్లలు అమ్మే అతను వచ్చాడు. వెనక క్యారియర్ మీద జాలీ బుట్ట, అందులో గులాబి, ఆకుపచ్చ, నారింజ రంగు పిల్లలు కిచకిచలాడుతున్నాయి. మా పాపకి ఏడేళ్ళు. గేటు పట్టుకుని కదిలితే ఒట్టు. ఆరు పిల్లలు 120 రూపాయలకి ఇచ్చాడు.

మిక్సీ వచ్చిన అట్టపెట్టెలో న్యూస్‌పేపర్ పరిచి, స్టీలు గిన్నెలో నీళ్ళు పెట్టి, గుప్పెడు బియ్యం వేశాను. డిసెంబరు చలి కదా అని పైన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు కూడా వేలాడదీశాను. వెలుతురుంది కాబట్టి వెచ్చగానే ఉంటుందనుకున్నాను. సోమవారం తెల్లారి చూస్తే రెండు పిల్లలు మూలకి నక్కి కట్టెల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. మంగళవారం ఇంకోటి నీళ్ళ గిన్నెలో పడి పోయింది. దాన్ని ముందు చూసింది పాపే. అప్పట్నుంచి బడి నుంచి రాగానే భుజం మీద సంచి కూడా దించకుండా పెట్టె దగ్గరికి పోయి లెక్కపెట్టుకుంటోంది.

ఇప్పుడు ఒక ఆకుపచ్చది, రెండు గులాబివి ఉన్నాయి. గులాబివాటిలో ఒకదానికి వెనకాల రెట్ట గట్టిగా అతుక్కుపోయింది. కళ్ళు మూసుకుని, నిలబడే కునుకుతోంది. మావారు "అవి బతికేవి కావు, పాపకి ఆశ పెట్టకు" అంటున్నారు. నిజంగా బతకవా? ఏం పెట్టాలి? టీకాలుంటాయంటారు, మూడు పిల్లలకి వేస్తారా? మాది అద్దె ఇల్లు, వెనక పదడుగుల పెరడు ఉంది. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

కొబ్బరిచెట్టు (అమలాపురం దగ్గర పల్లెటూరు)

అమ్మాయ్, ముందు ఆ ఎల్‌ఈడీ బల్బు తీసెయ్. అది వెలుగిస్తుంది గానీ వేడివ్వదు. పాతకాలం గుండు బల్బు, లోపల తీగ ఎర్రగా కాలేది, 60 వాట్లది తెప్పించు. కరెంటు సామాన్ల కొట్లో అడిగితే ఇంకా దొరుకుతున్నాయి. పెట్టెకి ఒక మూలన, పిల్లల వీపుకి జానెడున్నర ఎత్తులో కట్టు. నడిమధ్య కట్టకు. ఒక మూల వెచ్చగా, అవతలి మూల చల్లగా ఉంటే ఎక్కడ హాయిగా ఉంటే అక్కడికి అవే పోతాయి. అట్టకీ గుడ్డకీ బల్బు తగలకుండా చూసుకో, అంటుకుంటుంది. ముందు ఈ పని చేసి రా. మిగతాది తర్వాత చదువుకుందువుగాని.

నాకు అరవై నాలుగేళ్ళు. మా అత్తగారి చేతికింద కోళ్ళు పెంచడం నేర్చుకున్నాను. పెట్ట వెంట తిరిగే పిల్లలకి ఈ బల్బులూ గిల్బులూ అక్కర్లేదు, చలేస్తే రెక్కల కింద దూరతాయి. మనం కొనుక్కొచ్చిన పిల్లకి ఆ రెక్కలు లేవు. దాని ఒంటిమీద ఉండేది నూగే, ఈకలు కాదు. నూగుతో ఒంటి వేడి నిలవదు. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి కావాలి, అంటే మన ఎండాకాలం మిట్టమధ్యాహ్నమన్నమాట. ఆ తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. బల్బు కాస్త కాస్త పైకి జరుపుకుంటూ పోతే సరి. ఈ చలిలో నెల దాకా బల్బు తప్పదు. నీ పిల్లలు ఆకలికి పోలేదు తల్లీ. గుడ్డులోంచి వచ్చేటప్పుడే మిగిలిన పచ్చసొన కడుపులోకి లాక్కుని వస్తాయి, దాంతో రెండు రోజులు మేత లేకపోయినా గడుపుకొస్తాయి. చలికి మాత్రం ఒక్క రాత్రి ఆగలేవు.

థర్మామీటరు లేదని బెంగపడకు, పిల్లల్నే చూడు. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి, తెగకుండా కీచుకీచుమంటుంటే చలి. ముక్కు తెరిచి రొప్పుతూ, రెక్కలు వేలాడేసి దూరంగా పోతే వేడెక్కువ. అన్నీ ఒకే పక్కకి ఒరిగితే ఎక్కణ్ణుంచో గాలి కొడుతోంది. తలో చోటా పడి, మధ్యమధ్య లేచి నాలుగు గింజలు తిని మళ్ళీ పడుకుంటుంటే నువ్వూ వెళ్ళి పడుకో. బాగా వెచ్చగా ఉన్న పిల్ల ఒక కాలు వెనక్కి చాపి, మెడ నేల మీద వాల్చి పడుకుంటుంది. చచ్చిపోయిందేమోనని కొత్తవాళ్ళు హడలిపోతారు. వేలితో తాకితే చటుక్కున లేస్తుంది.

వెనకాల అతుక్కున్న రెట్టని లాగకు, చర్మం ఊడొస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి రెండు మూడు నిమిషాలు అద్ది పట్టుకో. మెత్తబడ్డాక అదే జారొస్తుంది. పొడిగుడ్డతో బాగా ఒత్తి, ఒక చుక్క కొబ్బరినూనె రాసి, వెంటనే బల్బు కింద వదులు. తడిసిన పిల్లని చలిలో ఉంచితే చేసిన వైద్యమే దాన్ని చంపుతుంది. ఆ దారి మూసుకుపోతే రెట్ట వెయ్యలేక పిల్ల పోతుంది, అందుకని రోజూ పొద్దున్నే మూడింటినీ తిప్పి చూడు. కడుపు కింద బొడ్డు దగ్గర చిన్న ఎండుపొక్కు కనిపిస్తే మాత్రం గిల్లకు, అది దానంతటది రాలాలి.

నీళ్ళకి స్టీలు గిన్నె వద్దు. లోతులేని మట్టి మూకుడులో గులకరాళ్ళు పరిచి, వాటి సందుల్లో నీళ్ళుండేలా పొయ్యి. ముక్కు మునగాలి, పిల్ల మునక్కూడదు. కునుకుతున్నదానికి ఈ పూటకి గోరువెచ్చని నీళ్ళలో బెల్లం ముక్క కలిపి, ముక్కు కొస ముంచి తియ్యి. నోట్లో పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రుచి తెలిస్తే అదే తాగుతుంది.

బియ్యపు గింజ ఈ వయసు పిల్లకి పెద్దది. దాణా కొట్లో కోడిపిల్లల స్టార్టర్ అంటే ఇస్తారు, రెండు కిలోలు తెచ్చుకో. అది వచ్చేదాకా నూకలు, చోళ్ళు, ఉడికించిన గుడ్డు చిదిమింది పెట్టు. ఇంకొకటి, ఆ న్యూస్‌పేపర్ నున్నగా ఉంటుంది, పిల్ల కాళ్ళు రెండు పక్కలకీ జారి చీలిపోతాయి, తర్వాత నడవలేదు. రెండంగుళాలు వరి ఊక పోసి పైన పాత నూలుగుడ్డ పరువు. ఏది మేతో ఏది ఊకో తెలిశాక, మూడు నాలుగు రోజులకి గుడ్డ తీసెయ్యొచ్చు.

మా అత్తగారు పిల్లలకి చెదలు పెట్టేవారు. పాత కుండలో ఎండుపేడ, గడ్డి, గోనెపట్టా ముక్క కుక్కి, నీళ్ళు చిలకరించి, సాయంత్రం చెదలున్న చోట బోర్లించేవారు. తెల్లారి కుండ ఎత్తి దులిపితే గుప్పెడు తెల్లటి పురుగులు. ఒక పిల్ల ఒక చెదపురుగుని పట్టుకుని పరిగెత్తేది, నేలంతా పురుగులున్నా మిగతావన్నీ దాని వెనకే పడేవి. టౌన్లో నీకది కుదరదులే. ఎదిగే పిల్లకి గింజ ఒక్కటే చాలదు, మాంసకృత్తులు కావాలి, అందుకే స్టార్టర్ కొనమంటున్నాను.

మీ ఆయనతో చెప్పు, బతికేవేనని. మొదటి పది రోజులు గట్టెక్కిన పిల్ల చాలావరకు నిలబడుతుంది.

వడ్లకుప్ప (సిద్దిపేట జిల్లా)

అక్కా, అమ్మ జెప్పినదాంట్ల ఒక్క ముక్క గూడ తీసేసేది లేదు. నేను టీకాల ముచ్చట జెప్త. ఆరేండ్ల సంది వనరాజా జాతి కోడిపిల్లలను సాదుతున్న, బ్యాచ్‌కు 50.

మొదటి బ్యాచ్‌ల 11 మిగిలినయ్. చలికి గాదు, కొక్కెర తెగులుకు. చలికాలం అంతా బల్బులు వెట్టి కండ్లల్ల ఒత్తులేసుకొని సాదిన. రెండు నెలలు నిండినయ్, ఇగ భయం లేదనుకున్న. ఒకనాడు పొద్దున లేసి చూస్తె మెడలు మెలివడి, ఆకుపచ్చగ పారుకుంట, ఉన్నకాడనే గిరగిర తిరుగుతున్నయ్. నాలుగు రోజుల్ల ఊడ్చుకపోయింది. టీకా సంగతి నాకు ఎరుకనే ఉండె, మా దిక్కు రోగం లేదు గదా అని ఏపియ్యలే. ఆ తెగులు వచ్చినంక మందు లేదు.

7వ రోజుకు లసోటా, అంటె కొక్కెరకు ఏసే సుక్కల టీకా, కంట్లనో ముక్కులనో ఒక్క సుక్క. 14వ రోజుకు గంబోరో తెగులు టీకా. 28వ రోజుకు మళ్ల లసోటా. ఆరేడు వారాలకు మశూచి టీకా. ఎనిమిది వారాలు దాటినంక కొక్కెరకు ఆర్‌టూబీ సూది, అంతకన్న చిన్నవాటికి అది ఏపియ్యద్దు. చిన్న సీసలనే వంద పిల్లలకు సరిపోయే మందుంటది, కలిపినంక ఐసు మీద వెట్టి రెండు గంటల్ల వాడాలె. గందుకే మూడు పిల్లలకు ఎవరు సీస ఇప్పరు. పశువుల దవాఖానల అడుగుండ్రి, లేకుంటె మీ దగ్గర్ల కోళ్లు సాదెటోళ్లు ఎవరన్న ఏపిచ్చే దినం మీ పిల్లలను తీస్కపోండ్రి. మూడు వారాలు దాటినంక రెట్టల నెత్తురు కనవడితె రక్తపారుడు. తడి ఊకతోని వస్తది. ఊక మార్చి, డాక్టరును అడిగి ఆంప్రోలియం అనే మందు నీళ్లల్ల కలపాలె, ఒక్క దినం గూడ ఆగద్దు.

ఇంకో మాట. ఈ రంగు పిల్లలు గుడ్ల కోళ్ల హేచరీలకెళ్లి వస్తయ్. ఆడపిల్లలను ఏరి ఫారాలకు పంపుతరు. మగవి గుడ్లు వెట్టయ్, బాయిలర్ లెక్క జల్ది తూకానికి రావు, అందుకని అగ్గువకు అమ్ముతరు, వాటికే రంగులేస్తరు. మీ మూడు పుంజులే అయితయ్. గుడ్లు గావాల్నంటె తర్వాత గ్రామప్రియ తెచ్చుకోండ్రి. వనరాజా, గ్రామప్రియ రెండు హైదరాబాద్ రాజేంద్రనగర్‌ల ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ తీసిన జాతులే. వనరాజా గుడ్లకు, మాంసానికి రెంటికీ పనికొస్తది, గ్రామప్రియ గుడ్లు ఎక్కువ వెడుతది. గని ఈ పెట్టలు పొదుగుకు కూసోవు, పిల్లలు తీయాల్నంటె నాటుపెట్టనే ఉండాలె.

మిద్దెకోళ్ళు (విజయవాడ)

మూడు పిల్లలకి టీకా కోసం అంత తిరగడం ఎందుకండీ? వెల్లుల్లి, పసుపు నూరి నీళ్ళలో కలిపితే చాలు. రెండేళ్ళుగా మా మేడ మీద అయిదు కోళ్ళకి అదే ఇస్తున్నాం, ఏ రోగమూ రాలేదు.

పాప విషయంలో మాత్రం జాగ్రత్త. పిల్లల్ని బుగ్గకి ఆనించుకోనివ్వకండి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి. చూడ్డానికి బాగున్న పిల్ల రెట్టలో కూడా సాల్మొనెల్లా అనే విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవి ఉండొచ్చు. మా బాబుకి విరేచనాలు పట్టుకుంటే డాక్టరుగారు ముందుగా అడిగింది, ఇంట్లో కోళ్ళున్నాయా అని.

వడ్లకుప్ప

అన్నా, పసుపు పెట్టుండ్రి, నేను వద్దన. గని కొక్కెరను ఆపేది టీకానే. మీయి మేడ మీద ఉన్నయ్, బయటి కోళ్లు తగలవు గాబట్టి ఇన్నొద్దులు బతికినయ్. అక్క ఇంటి పెరడు అట్లగాదు, పక్కింటోళ్ల కోడి ఒక్కటి దుంకి వచ్చినా సాలు. 39 పిల్లలను బొందల వెట్టిన చేతులతోని రాస్తున్న, టీకా వదలద్దు అక్కా.

మల్లెపాదు

సంక్రాంతి హడావుడి అయ్యాక ఇప్పటికి కుదిరింది. పిన్నిగారికీ తమ్ముడికీ ముందుగా నమస్కారం.

ఆ రాత్రే మావారు మూడు కొట్లు తిరిగి గుండు బల్బు తెచ్చారు. అప్పటిదాకా రెండు రోజులుగా ఇంట్లో ఆ కీచుకీచు ఆగలేదు. అవి అలాగే అరుస్తాయనుకున్నాం. బల్బు వెలిగించిన పావుగంటకి ఒక్కసారిగా నిశ్శబ్దం. ఏమైందోనని ముగ్గురం పెట్టెలోకి వంగి చూస్తే, మీరు చెప్పినట్టే మెడలు వాల్చి పడుకున్నాయి. ఇన్నాళ్ళూ అవి చలేస్తోందని చెబుతూనే ఉన్నాయన్నమాట, మాకే అర్థం కాలేదు.

కునుకుతున్నదాన్ని మూడు రోజులు దూదితో శుభ్రం చేశాను. అదే బతికింది. ఒక రాత్రి కరెంటు పోతే రెండు సీసాల్లో వేడినీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి, పిల్లల పక్కన పెట్టాను. వాటికి ఒరుక్కుని పడుకున్నాయి. గంటన్నరకోసారి నీళ్ళు మార్చాం. నేను కాదు, మావారే లేచారు.

టీకాలకి పక్క వీధిలో నాటుకోళ్ళు పెంచే పెద్దాయన సాయం చేశారు. ఆయన వేయించే రోజున బుట్టలో తీసుకెళ్ళాను. కంట్లో చుక్క పడగానే పిల్ల రెప్ప వేసింది. అది లోపలికి ఇంకేదాకా వదలొద్దని నా వేళ్ళ మీద ఆయన చెయ్యి వేసి ఆపారు. లసోటా రెండుసార్లూ, గంబోరో కూడా అయ్యాయి.

బాగున్న గులాబిది మాత్రం పోయింది. నాలుగో వారం ఎండలో కాసేపు తిరుగుతాయని పెరట్లో వదిలి, పాలు పొంగుతుంటే లోపలికెళ్ళాను. రెండు నిమిషాలు కూడా కాలేదు, పిల్లి గోడ మీదుగా పట్టుకుపోయింది. తప్పు నాదే. పాప రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు రెండున్నాయి. ఆకుపచ్చది తెల్లగా అయిపోయింది, మెడ వెనక కాస్త పచ్చ నూగు మిగిలిందంతే. పాప ఇంకా పచ్చోడనే పిలుస్తోంది. రెండిటికీ జుట్టు ఎర్రబడుతోంది, తమ్ముడు చెప్పినట్టు పుంజులే. గ్రామప్రియ పిల్లలు అయిదు తెచ్చుకోవాలని ఉంది. ఇప్పుడే తేవచ్చా? వీటితో కలిపి ఉంచొచ్చా?

కొబ్బరిచెట్టు

ఇప్పుడే వద్దమ్మా. శివరాత్రికి చలి శివశివా అని పోతుంది, ఆ తర్వాత తెచ్చుకో, నీకు సగం పని తగ్గుతుంది. తెచ్చేముందు పాత ఊకంతా పారబోసి, పెట్టె కొత్తది పెట్టు. ఈ రెండిటితో కలపకు. పెద్దవి పొడిచి చంపుతాయి, వీటి రెట్టలోంచి చిన్నవాటికి రోగాలూ అంటుకుంటాయి. ఈకలు నిండి, గంపలోంచి బయట తిరిగే ఈడొచ్చాక మెల్లగా అలవాటు చెయ్యి. దాణా, నీళ్ళ మూకుడు కూడా వేరుగా పెట్టు.

పెరట్లో వదిలినప్పుడు వెదురు గంప బోర్లించి, దాని కింద ఉంచు. గంప మీద రుబ్బురోలు పొత్రమంత రాయి పెట్టడం మర్చిపోకు, రుచి మరిగిన పిల్లి మళ్ళీ వస్తుంది, ఒట్టి గంపనైతే తోసేస్తుంది.