అమెరికా స్టీరియోలో వివిధ భారతి బొంగురుగా వస్తోంది, ట్యూనర్ పోయినట్టేనా?

ప్రశ్న (తార్నాక నుంచి):

మా అన్నయ్య న్యూజెర్సీలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన సామాన్లలో ఒక స్టీరియో కొని, మొన్న వచ్చినప్పుడు నాన్న కోసం మోసుకొచ్చాడు. టేపు, సీడీ, రేడియో మూడూ ఉన్నాయి. వెనక 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసుంది. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి పెట్టాం. టేపులు, సీడీలు వింటుంటే ప్రాణం లేచొస్తోంది. చిక్కంతా రేడియోతోనే.

91.1, 92.7, 93.5, 98.3 గంట కొట్టినట్టు పలుకుతున్నాయి. నాన్నకి కావల్సింది మాత్రం పొద్దున్నే వివిధ భారతి, 102.8. బటన్ నొక్కితే 102.7 నుంచి తిన్నగా 102.9కి వెళ్ళిపోతోంది. రెండు చోట్లా పాట వినిపిస్తుంది కానీ గొంతు బొంగురు, "స", "శ" వచ్చినప్పుడల్లా చిర్రుమంటోంది. 106.4 కూడా అంతే. ఏఎంలో హైదరాబాద్ కేంద్రం 738 ఈ సెట్టులో లేనే లేదు, 740 దగ్గర ముద్దముద్దగా వస్తోంది. చిత్రం ఏంటంటే, రాత్రిపూట కడప 900 అంత దూరం నుంచి ఇంతకంటే స్పష్టంగా ఉంటోంది! పైగా గడియారం గంటకి పది నిమిషాలు వెనకబడుతోంది.

ఒక షాపులో చూపిస్తే ట్యూనర్ బలం తగ్గింది, బోర్డు మొత్తం మార్చాలి అన్నారు. మార్పించాలా? నాన్న దీని మీద చాలా ఆశ పెట్టుకున్నారు.

జవాబు (సికింద్రాబాద్ పాత రేడియో మెకానిక్):

అమ్మా, బోర్డు జోలికి పోవద్దు. మీ సెట్టు నిక్షేపంగా ఉంది.

మీరు రాసిన నంబర్లే మళ్ళీ చూడండి. బాగా పలికేవాటికి చుక్క తర్వాత బేసి అంకె ఉంది, పలకనివాటికి సరి అంకె. అమెరికాలో ఎఫ్‌ఎం స్టేషన్లు 88.1 నుంచి 107.9 దాకా 200 కిలోహెర్ట్జ్ ఎడంతో, అన్నీ బేసి అంకెల మీదే ఉంటాయి. అందుకని అక్కడి సెట్లు చాలావరకు రెండేసి అంకెలు దాటుతూ వెళ్తాయి. మన దగ్గర సరి, బేసి పట్టింపు లేదు. మీ సెట్టు వివిధ భారతికి 100 కిలోహెర్ట్జ్ పక్కన నిలబడి వింటోంది. ఎఫ్‌ఎంలో శబ్దం హెచ్చేకొద్దీ ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ 75 కిలోహెర్ట్జ్ దాకా ఊగుతుంది. పక్క స్టేషన్లని ఆపడానికి సెట్టులో ఫిల్టరు ఉంటుంది, పక్కన నిలబడ్డ సెట్టుకి ఆ ఊపులో ఒక వైపు దాని అవతలే తెగిపోతుంది. "స", "శ" చీలడం అందుకే. అనుమానముంటే ఆకాశవాణి వారి ఎఫ్‌ఎం రెయిన్‌బో 101.9 పెట్టి చూడండి, శుభ్రంగా వచ్చి తీరాలి.

ఏఎం కథా ఇదే. అమెరికాలో మీడియం వేవ్, అంటే ఈ ఏఎం స్టేషన్ల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జ్, మనకి 9. ఐరోపా, ఆఫ్రికా, ఆసియా అంతటా 1978 నవంబరు నుంచి ఈ తొమ్మిది లెక్కే నడుస్తోంది. 738ని తొమ్మిదితో భాగించండి, 82 వస్తుంది. పదితో పోదు, అందుకే 740 దగ్గర ముద్దగా వింటున్నారు. కడప 900 ఈ లెక్కకీ ఆ లెక్కకీ కుదిరింది.

గడియారం కూడా చెడిపోలేదు. అది కరెంటు ఊపుల్ని లెక్కపెట్టుకుని నడిచే రకం. సెకనుకి 60 వస్తాయనుకుంటే మన దగ్గర 50 వస్తున్నాయి, అంటే గంటలో ఆరో వంతు పోతోంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ మారుస్తుంది గానీ హెర్ట్జ్ మార్చదు. దానికి చేసేదేమీ లేదు.

ఇక మందు. వెనక యాంటెన్నా బిగించే చోట చిన్న స్లైడు స్విచ్చు ఉందేమో వెతకండి, 9, 10 అంకెలు ఉంటాయి. లేకపోతే కొన్ని మోడళ్ళలో సెట్టు ఆపేసి, ఏవో రెండు బటన్లు నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే స్టెప్, అంటే ఒక్కో నొక్కుకి దాటే ఎడం, మారుతుంది. మోడల్ నంబరుతో మాన్యువల్ వెతికి, అందులో "ట్యూనింగ్ ఇంటర్వెల్" అన్న మాట కోసం చూడండి. రెండూ లేకపోతే లోపల ప్రాసెసర్ పక్కన డయోడ్లనే చిన్న భాగాలతో ఏ దేశపు సెట్టో చెప్పే ఏర్పాటు చాలా వాటిలో ఉంటుంది. సర్వీస్ మాన్యువల్ చేతిలో ఉంటే తెలిసిన మెకానిక్‌కి అది చిన్న పని. బాగున్న సెట్లని ఈ ఒక్క కారణంతో తూకానికి వేయడం చాలాసార్లు చూశాను. కడుపు తరుక్కుపోతుంది.

జవాబు (అంబర్‌పేట):

అక్కా, మీది నయం. నేను జుమ్మెరాత్ బజార్ల జపాన్ సెట్టు కొన్న. దాంట్ల ఎఫ్‌ఎం 76 నుంచి 90 దాంకనే ఉంది, మన స్టేషన్లు ఒక్కటి పడలే. కార్లకు పెట్టే బ్యాండ్ కన్వర్టర్ తెచ్చి, 12 వోల్టుల అడాప్టర్ ఇచ్చి యాంటెన్నా వైరు మధ్యల కలిపిన. నాది 14 మెగాహెర్ట్జ్ తగ్గిస్తది. 98.3 కావాలంటె 84.3 పెట్టాలె, వివిధ భారతి 88.8ల వస్తది. 106.4 మాత్రం 92.4 అయితది, సెట్టు 90 కాడనే ఆగుతది. అది పోయినట్టే. ఇంకో మాట, జపాన్‌ల కరెంటు 100 వోల్టులు. అమెరికా ట్రాన్స్‌ఫార్మరే దీనికి పెట్టకుండ్రి.

జవాబు (కూకట్‌పల్లి):

ఇంత శ్రమ ఎందుకండీ? ఫోన్‌లో ఆకాశవాణి యాప్ పెట్టి ఆక్స్ వైరు గుచ్చితే సరి.

ప్రశ్న అడిగినవారు:

నాన్నకి ముల్లు... అదే, బటన్ తిప్పుకుని స్టేషన్ పట్టుకోవడమే ఇష్టమండీ, ఫోన్ ముట్టుకోరు.

మెకానిక్ గారూ, 101.9 మీరన్నట్టే అద్దంలా వచ్చింది. వెనక స్విచ్చు లేదు. మాన్యువల్ దొరికింది, బటన్లు పట్టుకుని ఆన్ చేస్తే మెమరీలో పెట్టుకున్న స్టేషన్లన్నీ చెరిగిపోయాయి గానీ 102.8 వచ్చేసింది! 738 కూడా. చాలా చాలా థాంక్సండీ. ఒక్క సందేహం: అదే పాట నాన్న పాత ట్రాన్సిస్టర్‌లో ఇంకాస్త మెరుపుగా ఉంటుంది. ఇందులో తాళాలు, గజ్జెలు కొంచెం అణిగినట్టున్నాయి.

జవాబు (పాత రేడియో మెకానిక్):

నాన్నగారి చెవికి దండం పెట్టాలి. ఎఫ్‌ఎంలో పంపేటప్పుడు పైస్థాయి శబ్దాలు పెంచి పంపుతారు, సెట్టు వాటిని తిరిగి తగ్గిస్తుంది. ఎంత తగ్గించాలన్న కొలత మనకి 50 మైక్రోసెకన్లు, అమెరికాకి 75; అంకె పెద్దదైతే తగ్గింపు ఎక్కువ. మీ సెట్టు అవసరానికి మించి తగ్గిస్తోంది, 10 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 3 డెసిబెల్స్. రేడియో వినేటప్పుడు ట్రెబుల్ ఒకటి రెండు గీతలు పెంచండి. టేపుకి, సీడీకి వెళ్ళినప్పుడు మళ్ళీ మధ్యలో పెట్టండి.

ఒకటి మాత్రం ఇవాళే చేయండి. ఆ చపట పిన్నుల ప్లగ్ మన ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో చాలావాటికి సరిగ్గా పట్టేస్తుంది. ఇల్లు ఊడుస్తూ ఎవరైనా తీసి నేరుగా అందులో పెడితే 230 వోల్టులూ సెట్టులోకి పోతాయి. ప్లగ్‌నీ ట్రాన్స్‌ఫార్మర్‌నీ కలిపి గట్టిగా టేపు చుట్టేయండి.