సిడ్నీ న్యూ ఇయర్ బాణసంచాకి అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా?

మాధవి_వెస్ట్‌మీడ్
అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చారు. డిసెంబర్ 31 రాత్రి హార్బర్ బ్రిడ్జి బాణసంచా చూడాలని నాన్నకి ఎప్పట్నుంచో కోరిక. మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. పాపకి నాలుగేళ్లు. పది లక్షల జనం అంటే భయంగా ఉంది. వెళ్లినవాళ్లు కాస్త చెప్పండి.

వంశీ_కాకినాడ
తప్పకుండా తీసుకెళ్లండి అక్కా. చోటు సరిగ్గా చూసుకుంటే చాలు. మిసెస్ మెక్వారీస్ పాయింట్ నుంచి ఒపేరా హౌస్, బ్రిడ్జి రెండూ కలిసి కనిపిస్తాయి కాబట్టి అక్కడ పొద్దున్నుంచే క్యూ. ఇక్కడ డిసెంబర్ అంటే నడివేసవి. టెంట్లు వేయనివ్వరు, ఆ ఎండలో పెద్దవాళ్లు రాత్రిదాకా కూర్చోవడం కష్టం. మేం ఉత్తరపు ఒడ్డున బ్లూస్ పాయింట్‌కి వెళ్లాం. గడ్డి మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నాం, బ్రిడ్జి ఎదురుగానే. అయితే నార్త్ సిడ్నీ స్టేషన్ నుంచి కిలోమీటరు పైనే నడక. వెళ్లేటప్పుడు పల్లం, వచ్చేటప్పుడు ఎక్కుడు. మీ నాన్నగారి మోకాళ్లకి అది ఆలోచించుకోండి.

సునీత_రాజమండ్రి
2015 పుష్కరాల తొక్కిసలాట తర్వాత మా అత్తయ్యగారికి జనమంటేనే వణుకు. అయినా తీసుకెళ్లాను. ఇక్కడ చోటు నిండగానే గేటు మూసేస్తారు, ఇక ఎవరినీ లోపలికి వదలరు. ఆవిడకి ధైర్యం వచ్చింది దాంతోనే. పాప ఉంది కదా, అర్ధరాత్రి షో దాకా ఆగకుండా రాత్రి 9 గంటల షో చూసి వచ్చేయండి మాధవిగారూ. అది పిల్లల కోసం పెట్టిందే. చెవులకి ఇయర్‌మఫ్స్ పెట్టండి, నీళ్ల మీద ఆ చప్పుడు గుండెల్లో మోగుతుంది.

కిరణ్_హారిస్‌పార్క్
సునీతగారితో నేను ఏకీభవించను. 9 గంటలది చిన్నది. అర్ధరాత్రి బ్రిడ్జి పొడవునా నిప్పుల వాన కురుస్తుంది, పడవల మీంచి, ఒపేరా హౌస్ మీంచి కూడా పేలుస్తారు. అంత దూరం నుంచి వచ్చిన నాన్నగారికి అది చూపించకుండా ఎలా? పాపని ఎవరింట్లోనైనా పడుకోబెట్టి పెద్దవాళ్లతో వెళ్లండి. అయిపోగానే మాత్రం లేవకండి, ఓ గంట అక్కడే కూర్చోండి. రైళ్లు రాత్రంతా ఉంటాయి. సర్క్యులర్ కీ, మిల్సన్స్ పాయింట్ స్టేషన్లలో కొంతసేపు ఆపరు, ముందే చూసుకోండి.

మాధవి_వెస్ట్‌మీడ్
అమ్మకి షుగర్. తిండి, బాత్రూమ్ సంగతి?

సునీత_రాజమండ్రి
పులిహోర, చపాతీలు పట్టుకెళ్లండి, ఏం అనరు. గాజు సీసాలు మాత్రం వద్దు, బ్యాగులు వెతుకుతారు. షుగర్ మందులు ఎక్కడో అడుగున కాకుండా చేతి సంచిలో ఉంచుకోండి. బాత్రూమ్‌కి పెద్ద లైను ఉంటుంది, 8 లోపే అమ్మగారిని ఒకసారి తీసుకెళ్లి రండి. గేటు దాటి బయటికి మాత్రం వెళ్లకండి, నిండాక మళ్లీ రానివ్వకపోవచ్చు.

వంశీ_కాకినాడ
మడత కుర్చీ అనుమతిస్తారో లేదో చోటుని బట్టి ఉంటుంది. కొన్నింటికి టికెట్ కూడా కావాలి. ఏ చోటో తేల్చుకోగానే ఇక్కడ రాయండి అక్కా, మేమూ ఈసారి పెద్దవాళ్లతోనే వెళ్తున్నాం, కలిసి కూర్చుందాం.