ఎన్ స్కేల్‌లో అరకు లైన్: కొండ, సొరంగం, చిన్న స్టేషన్ కట్టాలి, ఏం వాడాలి ఎలా మొదలెట్టాలి?

వాల్తేర్_కుర్రోడు:

అందరికీ నమస్తే అండి. ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. నా దగ్గర కాటో కంపెనీ ఎన్ స్కేల్ (అసలు రైలులో 160వ వంతు ఉండే మోడల్) ట్రాక్ ఉంది, 282 మిల్లీమీటర్ల రేడియస్ ఓవల్, లోపల ఒక లూప్, ఆరడుగులు బై రెండున్నర అడుగుల ప్లైవుడ్ మీద వేశాను. బండి బానే తిరుగుతోంది కానీ ఉత్త చెక్క మీద ఎంతసేపు చూస్తాం, మా అమ్మ అయితే "ఇదేంట్రా ఎటూ పోదు, అక్కడక్కడే తిరుగుద్ది" అని ఒకటే నవ్వు.

నాకు కావాల్సింది కొత్తవలస-కిరండూల్ లైన్. మొత్తం కాదు లెండి, బొర్రా నుంచి శిమిలిగూడ మధ్యలో ఎక్కడో ఒక ముక్క అనుకోండి, ఒక పక్క కొండ, ఒక సొరంగం, చిన్న స్టేషన్, కింద లోయలో పొలాలు. ఆన్‌లైన్‌లో దొరికే కిట్లన్నీ జర్మనీ పల్లెటూరి ఇళ్ళు, చర్చిలు, ఏటవాలు కప్పులు, అవి పెడితే అరకు ఎక్కడ కనిపిస్తుంది చెప్పండి, పైగా ఒక్కో కిట్టు రేటు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. అందుకే స్టేషన్ నేనే కడదామనుకుంటున్నా. కొలతలు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి, ఉన్నవల్లా ఫోటోలే. కొండకి థర్మాకోలా, పీఓపీయా? సొరంగం ఎంత ఎత్తు ఉండాలి? ఇంకోటి, మాది వైజాగ్, వానాకాలం వస్తే ఇంట్లో కాగితాలే మెత్తబడిపోతాయి, అట్టతో కడితే నిలుస్తుందా? ఇంజన్ జపాన్‌ది, అది తర్వాత చూసుకుందాం, ముందు ఊరు కట్టాలి.

పాత_పీడబ్ల్యూఐ:

బాబూ, నేను ట్రాక్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైర్ అయ్యాను, మోడల్స్ మా మనవడి పుణ్యమా అని అంటుకున్నాయి. కొలతలకి టేపు అక్కర్లేదు, నీ ఫోటోలోనే టేపు ఉంది. స్లీపర్లు, అదే పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెలు, లెక్కపెట్టు. మెయిన్ లైన్‌లో మామూలుగా కిలోమీటరుకి 1660 స్లీపర్లు వేస్తాం, అంటే ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకి దాదాపు 60 సెంటీమీటర్లు. స్టేషన్ బిల్డింగ్‌కి ఎదురుగా, నిటారుగా తీసిన ఫోటో ఉంటే బిల్డింగ్ ఈ మూల నుంచి ఆ మూలకి ఎన్ని స్లీపర్లు వచ్చాయో చూడు, 25 వస్తే 15 మీటర్లు. నీ స్కేల్ 1:160 కాబట్టి అది 94 మిల్లీమీటర్లు అవుతుంది. బిల్డింగ్ కాస్త వెనక్కి ఉంటుంది గనక ఫోటోలో కొంచెం చిన్నగా పడుతుంది, ఆ మాత్రం కలుపుకో. లూప్ లైన్‌లో (స్టేషన్‌లో మెయిన్ లైన్ నుంచి పక్కకి చీలేది) స్లీపర్లు కొంచెం ఎడంగా ఉంటాయి, కాబట్టి మెయిన్ లైన్‌వే లెక్కేసుకో. ఫోటోలో రైలు పెట్టె నిలబడి ఉంటే మరీ సుఖం, పాత ఐసీఎఫ్ రకం పెట్టె 21.3 మీటర్లు, కొత్త ఎల్‌హెచ్‌బీ రకం 23.5 మీటర్లు, దాంతో కొలుచుకో. ఎత్తులకి తలుపు ఉండనే ఉంది, ఏడడుగుల తలుపు నీ స్కేల్‌లో 13 మిల్లీమీటర్లు. మనిషి పదిన్నర మిల్లీమీటర్లు. ఫోటో కోసం పట్టాల మీదకి మాత్రం దిగకు, ప్లాట్‌ఫాం మీంచో కిటికీలోంచో తీసుకో.

ప్లాట్‌ఫాం దగ్గర చాలామంది తేడా చేస్తారు. హై లెవెల్ అంటే రైలు పట్టా పైనుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు, అంటే నీకు ఐదు మిల్లీమీటర్లే. మీడియం లెవెల్ 455, అది మూడు కూడా రాదు. ఘాట్‌లో చిన్న స్టేషన్‌కి ఎత్తు ప్లాట్‌ఫాం కట్టి పడేస్తే అది సికింద్రాబాద్ అవుతుంది. పొడవు సంగతి అసలు పట్టించుకోకు, 24 పెట్టెల బండికి సరిపడా ప్లాట్‌ఫాం నీ బల్లకి దాదాపు రెండింతలు ఉంటుంది. నాలుగు పెట్టెలు పట్టేలా రెండడుగులు పెట్టుకో, కంటికి చాలు.

కరెంటు స్తంభాల గురించి నువ్వు అడగలేదు కానీ చెప్తున్నా, అవి లేకపోతే ఆ లైన్ ఆ లైన్‌లా ఉండదు. తిన్నగా ఉన్న లైన్‌లో రెండు మాస్టుల మధ్య ఎక్కువలో ఎక్కువ 72 మీటర్లు, నీకు 450 మిల్లీమీటర్లు. వంపు పెరిగే కొద్దీ నాలుగున్నర మీటర్ల చొప్పున తగ్గించుకుంటూ వస్తారు. నీ 282 వంపు అసలు రైల్వేలో ఉండనే ఉండదు కాబట్టి అక్కడ నీ ఇష్టం.

మాస్కింగ్_టేప్:

పెద్దాయన చెప్పిన స్లీపర్ల లెక్క సూపర్ సార్, ఇన్నేళ్ళు తలుపు పట్టుకునే వేలాడుతున్నా.

బ్రో కొండ విషయం నేను చెప్తా. లోపల థర్మాకోల్, పైన పీఓపీ, రెండూ కావాలి. టీవీ ఫ్రిజ్ ప్యాకింగ్‌లో వచ్చే థర్మాకోల్ మెట్లుమెట్లుగా పేర్చి ఫెవికాల్‌తో అంటించు, ఒక రాత్రి బరువు పెట్టి వదిలెయ్. ఘాటు వాసనొచ్చే రబ్బర్ గమ్ములు, స్ప్రే పెయింట్ దాని దగ్గరికి రానివ్వకు, థర్మాకోల్ కరిగి గుంటలు పడిపోతుంది. కోసేటప్పుడు పూసలు ఇల్లంతా ఎగురుతాయి, బాల్కనీలో కోసుకో లేదంటే ఇంట్లోవాళ్ళు నిన్ను కూడా బాల్కనీలోనే ఉంచుతారు. ఇక పైపొరకి మెడికల్ షాపులో పీఓపీ బ్యాండేజ్ అడుగు, చెయ్యి విరిగితే కట్టు కడతారు కదా అదే. ముక్కలు కత్తిరించి నీళ్ళలో ముంచి కొండ మీద ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరిచేస్తే పావుగంటలో బిగుసుకుంటుంది. బస్తా పీఓపీ తెచ్చి బకెట్లో కలిపే గోల లేదు.

రాయి రంగు జాగ్రత్త. యూట్యూబ్‌లో అందరూ గ్రే వేసి నలుపు వాష్ (నీళ్ళగా కలిపిన రంగు) కొడతారు, అది మన హైదరాబాద్ బండలకి సరిపోద్దేమో గానీ అరకు కొండలకి కాదు. తూర్పు కనుమల్లో అక్కడ ఎక్కువ ఖోండలైట్, సింహాచలం కొండ రాయి చూశావు కదా అదే జాతి. ఎండకీ వానకీ తుప్పు రంగు తేలి ఉంటుంది, పొరలు పొరలుగా ఏటవాలుగా ఉంటుంది. అందుకని పీఓపీ పచ్చిగా ఉండగానే పాత కత్తితో గీతలు గియ్, అన్నీ ఒకే వైపుకి వాలాలి, సొరంగానికి ఈ పక్క ఒక వాలు ఆ పక్క ఇంకో వాలు ఉంటే కొండ అతికించినట్టు కనిపిస్తుంది. రంగుకి ముందు పల్చటి పసుపు మట్టి రంగు, మీద గోధుమ, సందుల్లో కొంచెం ఎరుపు, అంచులకి పొడి బ్రష్‌తో లేత రంగు. అంతే.

మట్టికి మట్టే వాడు, కొనక్కర్లేదు. ఎర్రమట్టి తెచ్చి పెనం మీద బాగా వేయించి (పురుగులు పోతాయి) పాత నైలాన్ చీర గుడ్డలో జల్లెడ పట్టు. తర్వాత ఒక అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి ఆ మట్టిలో నాలుగైదు సార్లు తిప్పు. ఇది మాత్రం వదలొద్దు, మన మట్టిలో ఇనప రజను ఉంటుంది, అది ఇంజన్ మోటార్‌లో అయస్కాంతానికి పట్టుకుందంటే ఇంజన్ మూల పడ్డట్టే. పైగా అది బైలదిల్లా ఇనప ఖనిజం వైజాగ్ పోర్టుకి దిగే లైన్, పట్టాలు కంకర స్లీపర్లు అన్నీ ఎర్రదుమ్ము కొట్టుకుని ఉంటాయి. హార్డ్‌వేర్ షాపులో గచ్చుకి కలిపే రెడ్ ఆక్సైడ్ పొడి దొరుకుద్ది, చిటికెడు నల్ల రంగు కలిపి మెత్తటి బ్రష్‌తో పట్టాల మధ్య దులుపు. పట్టా పైభాగం వెంటనే తుడిచెయ్, లేకపోతే కరెంటు అందదు.

న్యూజెర్సీ_నాని:

హాయ్ అండి, ఇక్కడ మా క్లబ్బులో ఎన్ స్కేల్ మాడ్యూల్స్ (విడివిడిగా చేసి పక్కపక్కన కలుపుకునే ముక్కలు) కడతాం, రెండు మాటలు.

ఒకటి, పీఓపీ నాకు నచ్చదు. బరువు, పగుళ్ళు, బల్ల కొంచెం కదిపితే మూలలు రాలిపోతాయి. ఎక్స్‌ట్రూడెడ్ ఫోమ్ షీటు, అదే బిల్డింగులకి ఇన్సులేషన్‌గా వేసే గులాబీ రంగుదో నీలం రంగుదో, దాన్నే చెక్కేసి మీద యాక్రిలిక్ రంగు వేస్తే చాలు. పూసలు ఎగరవు, కత్తికి వెన్నలా తెగుతుంది.

రెండోది, మొత్తం ఆరడుగుల బల్ల ఒకేసారి మొదలుపెట్టొద్దు, సగంలో విసుగొస్తుంది. టీ-ట్రాక్ అని ఒక పద్ధతి ఉంది, కాటో ట్రాక్ తోనే, అడుగు పొడవు చెక్కపెట్టె మీద తిన్నటి ట్రాక్ వేసి ఆ అడుగు వరకే సీనరీ చేస్తారు. 248 మిల్లీమీటర్ల ట్రాక్ ముక్క, 62 ముక్క కలిపితే 310, దాని కిందకి 308 మిల్లీమీటర్ల పెట్టె. సొరంగం నోరు, పక్కన కొండ అంచు, నాలుగు చెట్లు, అంతే చెయ్యండి. ఫోమ్, మట్టి, గడ్డి, రంగులు అన్నీ ఆ అడుగులోనే చేతికి అలవాటైపోతాయి, బాగా వస్తే పెద్ద బల్ల పక్కన పెట్టుకోండి, రాకపోతే పోయిందేముంది.

మాస్కింగ్_టేప్:

నాని గారూ ఆ ఫోమ్ మీకు అక్కడ హార్డ్‌వేర్ షాపులో షీటు లెక్కన దొరుకుతుంది, ఇక్కడ చాలాచోట్ల బండిల్ తీసుకోమంటాడు, ఒక కొండ కోసం ఇల్లు మొత్తం ఇన్సులేషన్ చేసుకోవాలా :) పగుళ్ళు రాకుండా ఉండాలంటే బ్యాండేజ్ రెండు పొరలు వెయ్యాలి, ఎండాక పల్చటి ఫెవికాల్ నీళ్ళు ఒక కోటింగ్ కొట్టాలి. అడుగు మాడ్యూల్ ఐడియాకి మాత్రం నా ఓటు కూడా మీకే.

సొరంగం ఎత్తు ఎవరూ చెప్పలేదు. నంబర్ అడక్కు బ్రో, నీ దగ్గరున్న అన్నిటికంటే పొడుగు పెట్టె తీసుకుని దాని పక్కన మధ్యలో ఒక పెన్సిల్ టేపుతో కట్టి, రెండు చివర్లకీ ఇంకో రెండు కట్టి, వంపు మీద మెల్లగా తోయి. చెక్క మీద గీత పడుద్ది కదా, లోపలి వైపు పెట్టె మధ్యభాగం, బయటి వైపు చివరలు తోసుకొస్తాయి. పొడుగు పెట్టెకి 282 వంపులో మధ్యలో నాలుగు మిల్లీమీటర్ల దాకా లోపలికి వస్తుంది. ఆ గీతలకి అవతల ఇంకో మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలి గోడ కట్టు. ఎత్తు నీ ఇంజన్ మీద పాంటోగ్రాఫ్ (పైన కరెంటు తీగని తాకే చట్రం) లేపి చూసుకో. కొండ వెనకవైపు చెయ్యి పట్టేంత కంత వదులు, బండి లోపలే పట్టాలు తప్పుతుంది, అది గ్యారంటీ. కొండ మూసేముందే లోపల ట్రాక్ తుడిచి, జాయింట్లు సరిచూసుకో.

వాల్తేర్_కుర్రోడు:

అబ్బ ఇంత చెప్తారనుకోలేదు, థాంక్స్ అందరికీ. పెద్దాయన గారూ, నిన్న రాత్రే పాత ఫోటోలు తీసి స్లీపర్లు లెక్కపెట్టా, స్టేషన్ 98 మిల్లీమీటర్లు వస్తోంది. అడుగు మాడ్యూల్‌తోనే మొదలెడతా, సొరంగం నోరు, ఒక గ్యాంగ్ హట్ (పట్టాల పనివాళ్ళ గది), అంతే. ఇంకా మిగిలినవి: అట్టా ప్లాస్టిక్కా? గ్యాంగ్ హట్ పైన సిమెంట్ రేకు ఎలా? ఇంకా శీతాకాలం ముందు అరకులో పసుప్పచ్చగా పూసే వలిసె పూల పొలం కావాలి, అది లేకుండా నా వల్ల కాదు.

కాగితం_కత్తెర:

నేను విజయవాడలో ఆర్కిటెక్ట్‌ల దగ్గర మోడల్స్ చేస్తాను, బండ్ల గురించి ఏమీ తెలీదు, అట్ట గురించి అడగండి.

అట్ట నిలుస్తుందండి, తేమ ఒక్కవైపే తగలనివ్వకూడదు. వంగిపోయేది ఎందుకంటే బయట రంగు వేసి లోపల వదిలేస్తారు, బయట బిగుస్తుంది లోపల తేమ పీలుస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల మౌంట్ బోర్డు తీసుకుని ముక్కలు కోశాక రెండు వైపులా, ముఖ్యంగా కోసిన అంచులకి, వార్నిష్ పట్టించండి, ఆరాక అంటించండి. లోపల మూలలకి ఐస్ క్రీం పుల్లలు నిలువుగా పెట్టండి. మైదా జిగురు వాడేవాళ్ళున్నారు, వాడితే బైండింగ్ వాళ్ళలా మైలతుత్తం కలపాల్సిందే, లేదంటే బొద్దింకలు మీ స్టేషన్ తినేస్తాయి. ఫెవికాల్ ఉండగా ఆ బాధ ఎందుకు.

సిమెంట్ రేకుకి పేల దువ్వెన కొనండి. నిజంగానే. అసలు రేకులో ఒక మడత నుంచి ఇంకో మడతకి దాదాపు 146 మిల్లీమీటర్లు, మీ స్కేల్‌లో 0.9, పేల దువ్వెన పళ్ళు ఇంచుమించు ఆ దగ్గర్లోనే ఉంటాయి. వంటింటి అల్యూమినియం ఫాయిల్ రెండు మడతలు వేసి దువ్వెన మీద పెట్టి, రబ్బరుతో నెమ్మదిగా రుద్దితే గాళ్ళు దిగుతాయి. మీటరు వెడల్పు రేకుకి ఆరు మిల్లీమీటర్ల ముక్కలు కోసి, కింది వరస ముందు, పై వరస దాని మీదకి కొంచెం ఎక్కేలా అంటించండి. బూడిద రంగు, మీద అక్కడక్కడ నల్లటి వాన చారలు. ఒకటి రెండు రేకులు కొత్తగా మార్చినట్టు లేత రంగు వెయ్యండి, అప్పుడు నమ్ముతారు.

పూల పొలానికి పసుపు కలిపిన రంపం పొట్టు అని చాలామంది చెప్తారు. వద్దు, వంటింటి పసుపు వెలుతురుకి వెలిసిపోతుంది, కొన్నాళ్ళకి ఎండుగడ్డి అవుతుంది. మెత్తటి రంపం పొట్టుని పోస్టర్ కలర్‌లో నానబెట్టి పేపర్ మీద ఆరబెట్టండి, పసుపు ఒక డబ్బా, ముదురు ఆకుపచ్చ ఒక డబ్బా. ముందు ఆకుపచ్చ చల్లి అంటించాక, పైన మాత్రమే పసుపు, జల్లెడతో ఎత్తు నుంచి రాలనివ్వాలి. ముందున్న పొలంలో పసుపు పలచగా, వెనక కొండ వైపు చిక్కగా వేస్తే లోయ లోతుగా కనిపిస్తుంది.

పాత_పీడబ్ల్యూఐ:

ఆ పొలాల గట్ల మీద జీలుగు చెట్లు (కల్లు తీసేవి) రెండు పెట్టు, పొలం చుట్టూ కాఫీ తోటలుంటే సిల్వర్ ఓక్‌లు. చెట్టు ఎత్తు తగ్గించొద్దు, ఇరవై మీటర్ల సిల్వర్ ఓక్ నీ బల్ల మీద పన్నెండు సెంటీమీటర్లు ఉండాలి, అందరూ అయిదు సెంటీమీటర్లకే ఆపేసి కొండని గుట్ట చేసేస్తారు. స్టేషన్ కట్టినప్పుడు పసుపు బోర్డు రెండు చివర్లా పెట్టాలి, పైన తెలుగు, తర్వాత హిందీ, కింద ఇంగ్లీషు, అడుగున సముద్రమట్టం నుంచి ఎత్తు. శిమిలిగూడ అయితే 996 మీటర్ల పైచిలుకు. అంత చిన్న అక్షరాలు చేత్తో రావు, ఫోటో స్టూడియోలో ప్రింట్ తీయించుకో.