ఐదేళ్లకని వచ్చి మూడేళ్లకే మలావి నుంచి తిరిగొచ్చేస్తున్నాం, సంఘానికి ఎలా చెప్పాలి?

లిలాంగ్వే నుంచి ఒక అమ్మ

అందరికీ వందనాలు. మాది ప్రకాశం జిల్లా. మిషనరీలుగా ఆఫ్రికాలోని మలావి వచ్చి, రాజధాని లిలాంగ్వేకి గంటన్నర దూరంలో ఒక పల్లెలో ఉంటున్నాం. ఈ వానల్లో మా చిన్నాడికి మూడోసారి మలేరియా. ఇదివరకు ఎల్‌ఏ అనే మలేరియా మాత్రలు (ఇక్కడ అందరూ అలాగే అంటారు) వేస్తే తగ్గిపోయేది, ఈసారి ఫిట్స్ వచ్చాయి. బయటి నుంచి కొనడానికి డాలర్లు దొరక్క దేశంలో డీజిల్‌కి కటకట, బండిలో చుక్క లేదు. పక్కింటాయన క్యాన్‌లో దాచుకున్న ఐదు లీటర్లు పోస్తే రాత్రి పదకొండుకి ఆస్పత్రికి చేరాం. బాబు కోలుకున్నాడు, నేనే ఇంకా కోలుకోలేదు. వాడు దగ్గితే చాలు లేచి కూర్చుంటున్నా.

మా ఆయన కూడా వెళ్లిపోదాం అన్నారు. జూన్‌కి పిల్లల్ని బడిలో వేయాలి. కానీ ఊళ్లో మా సంఘంలో (చర్చిలో) ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టేముందు మాకోసం పిడికెడు బియ్యం పక్కన పెడతారు, అవి అమ్మి డబ్బు పంపుతారు. వాళ్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? మా అత్తగారేమో "సెలవు మీద వచ్చామని చెప్పండి, తర్వాత సంగతి తర్వాత" అంటున్నారు.

విజయవాడ సిస్టర్

అమ్మా, ఆ సెలవు మాట మాత్రం వద్దు. మేం నేపాల్ నుంచి ముందే వచ్చేసినప్పుడు అదే చెప్పాం. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు "మళ్లీ ఎప్పుడు ప్రయాణం?" అని అడగడం, మేం నసగడం. ఆరు నెలలకి అసలు సంగతి బయటపడింది, డబ్బు దగ్గర ఏదో తేడా వచ్చిందట అని పుకారు కూడా తోడైంది. ముందు పాస్టర్ గారికి ఫోన్‌లో చెప్పండి, ఆ వెంటనే స్త్రీల కూడికకి మీరే ఉత్తరం రాయండి. ఫిట్స్ సంగతి, డీజిల్ సంగతి ఉన్నదున్నట్టు రాయండి. బియ్యం పక్కన పెట్టినవాళ్లు పిల్లల్ని పెంచినవాళ్లే కదా.

పాత పుస్తకాల పిచ్చోడు

నెల్లూరు మిషన్ చరిత్ర చూడండి. 1840లో అక్కడ పని మొదలుపెట్టిన అమెరికా మిషనరీ శామ్యూల్ డే దొర ఐదారేళ్లకే ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లిపోయారు. 1849లో తిరిగొచ్చినప్పుడు ఇంకో మిషనరీ జూయెట్ దొరని తీసుకొచ్చారు. తర్వాత జూయెట్ గారు జబ్బు చేసి వెళ్లారు, 1865లో వస్తూ క్లౌ దొరని వెంటపెట్టుకొచ్చారు. ఒంగోలులో ఆ క్లౌ పేరు తెలియనివాళ్లు ఎవరు? మీ జిల్లాకి ఆయన్ని తెచ్చింది ఒక జబ్బు ప్రయాణమే.

సాక్షి

బ్రదర్, వాళ్లు తిరిగొచ్చారు, అదే తేడా. దేవుని పిలుపు ఉన్నవాళ్లకి కష్టాలు రావా? ఇంకొంచెం ఓర్చుకోవచ్చు.

విజయవాడ సిస్టర్

డే గారు 1853లో మళ్లీ వెళ్లి ఇక రాలేదు సార్. అయినా ఓర్చుకోమంటున్నది ఆమెనా, ఆ పసివాడినా?

మిషనరీ కొడుకు

నేను అలా వచ్చేసిన ఇంట్లో పిల్లాణ్ని, అప్పుడు పదకొండేళ్లు. వచ్చేయడం తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. రాత్రికి రాత్రి సర్దుకుని వచ్చామే, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మా కుక్కని ఎవరికిచ్చారో కూడా చెప్పలేదు. మీ పిల్లల్ని ఇల్లిల్లూ తిప్పి వీడ్కోలు చెప్పించండి, ఏ వస్తువు ఎవరికి ఇవ్వాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. ఇంకోటి, ఇప్పట్నుంచే తెలుగు రాయించండి. నేను ఏడో తరగతిలో చేరేసరికి గుణింతాలు రావు, క్లాసంతా నవ్వింది. వచ్చాక పిల్లాడికి జ్వరం వస్తే మలావిలో ఉండొచ్చామని డాక్టర్‌కి ముందే చెప్పండి, లేకపోతే మామూలు జ్వరం అనుకుంటారు.

లిలాంగ్వే నుంచి ఒక అమ్మ

అందరికీ థాంక్స్. సాక్షి గారూ, మీ మాట నొప్పించింది గానీ, అది రోజూ నన్ను నేను అడిగేదే. ఇవాళ మా ఆయన పాస్టర్ గారికి ఫోన్ చేశారు. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "బాబు అన్నం తింటున్నాడా?" అని అడిగారు. ఉత్తరం సగం రాశాను, పిడికెడు బియ్యం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. ఇక్కడ వెళ్లేవాళ్లు ఉండేవాళ్లతో "త్సలాని బ్వినో" అంటారు, క్షేమంగా ఉండండి అని. చిన్నాడు అప్పుడే డీజిల్ పోసిన పక్కింటాయనకి చెప్పేసి వచ్చాడు, ప్రయాణం ఇంకా ఆరు వారాలుందని తెలియక. తన సైకిలు కూడా ఆయనకే ఇస్తాడట.